కెమెరా వెనక వసంతమ్మ

నా కెమెరా సంచిలో లెన్సులు తుడిచే గుడ్డ, చార్జర్లు, మెమరీ కార్డుల పక్కన ఒక స్టిక్కర్ బొట్ల ప్యాకెట్టు ఎప్పుడూ ఉంటుంది. అదీ నాకు పనిముట్టే. పెళ్లికూతురు మండపానికి నడిచి వస్తుంటే ఆమె ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ వీడియో తీసేది నేను. అంటే ఆ పిల్లకు ఎదురుగా వచ్చే మొదటి మొహం నాది. మేము క్రైస్తవులం, నాకు బొట్టు అలవాటు లేదు. ఆ సంగతి తెలియని ముసలమ్మలు నా నుదురు చూసి, "అయ్యో, ఈ వయసుకే" అని ఒకరు జాలిపడతారు. "మొగుడు లేనిదాన్ని ఎదురు పంపించినారే" అని ఇంకొకరు గొణుగుతారు. నా మొగుడు ప్రభుదాసు అక్కడే నాలుగు అడుగుల దూరంలో డ్రోను ఎగరేస్తూ నిక్షేపంగా ఉంటాడు. ప్రతి పెళ్లిలోనూ అతన్ని పిలిచి చూపించలేక, కల్యాణ మండపం గేటు దగ్గర ఒక స్టిక్కరు అంటించుకుని లోపలికి పోతాను, తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో తీసేస్తాను. యేసయ్య దీనికి నన్నెప్పుడూ ఏమీ అనలేదు. మా అత్త మాత్రం అంటుంది.

చిత్తూరు బస్టాండు వెనక వీధిలో మా స్టూడియో. పెళ్లిళ్లు, సమర్తలు, గృహప్రవేశాలు, చర్చి పండగలు, ఏవి వస్తే అవి తీస్తాం. సముద్రం ఒడ్డున, విదేశాల్లో జరిగే పెళ్లిళ్లు మా దాకా రావు. వాటికి బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో నల్ల టీషర్టుల బృందాలు విమానాల్లో పోతాయి. అందుకే లోహిత అనే పిల్ల స్టూడియోకి వచ్చి, తన పెళ్లి శ్రీలంకలో, నువ్వే వచ్చి తీయాలి అక్కా అన్నప్పుడు నాకు సంతోషం కంటే ముందు అనుమానమే వచ్చింది.

"నన్నే ఎందుకు?" అని మొహం మీదే అడిగేశాను.

ఆ పిల్లది పలమనేరు. బెంగళూరులో ఉద్యోగం. పెళ్లికొడుకు రవిచంద్ర ఆమెతో పనిచేసేవాడే, వాళ్లది నగరి. నా ప్రశ్నకు లోహిత సంచిలోంచి ఒక పెన్‌డ్రైవు తీసి నా చేతిలో పెట్టింది.

"మా పెదనాయన కూతురి పెండ్లి ఇది. వేరే స్టూడియో వాళ్లు తీసినారు. దీంట్లో మా అమ్మ యాడుండాదో కనిపెట్టక్కా, సూద్దాం."

వాళ్లమ్మ ఫొటో ఫోనులో చూపించింది. వసంతమ్మ. సన్నటి మనిషి, పాల క్యానుల పక్కన నిలబడి ఉంది. ఇద్దరం కూర్చుని ఆ పెళ్లి వీడియో మొత్తం వెతికాం. సినిమా పాటలున్నాయి, పైనుంచి రాలే గులాబీలున్నాయి, స్టేజీ మీదకు కానుకలు పట్టుకుని వచ్చిన ఊరంతా ఉంది. వసంతమ్మ లేదు. చివరికి ముహూర్తం దగ్గర ఒక స్తంభం వెనక ఆకుపచ్చ చీర కొంగు దొరికింది. భోజనాల దగ్గర మజ్జిగ పోస్తున్న ఒక వీపు దొరికింది.

"ఈ కొంగు మా అమ్మదే. ఆ వీపు కూడా" అంది లోహిత. "మా నాయన పోయినప్పుడు నేను ఎనిమిదో తరగతి. అప్పట్నించీ మా ఇండ్లల్లో ఏ పెండ్లి క్యాసెట్ సూసినా ఇదే. ఎవురూ పొమ్మనరు. మా అమ్మే పక్కకు పోతాది. కెమెరా ఎంతవరకు సూస్తాదో ఆమెకు నీకన్నా బాగా తెలుసు."

అది నిజమే. తీసిన కుర్రాణ్ణి తప్పుపట్టడానికి లేదు, ఎవరు తీసినా అంతే దొరికేది.

"అందుకే అంత దూరం పెట్టుకున్నాం. ఆడికి ఊరు రాదు, వీధి రాదు. మా అమ్మే నా చెయ్యి పట్టుకుని రవి చేతిలో పెట్టి ధార పోయాల. పెదనాయన, పెద్దమ్మ కూసోవడం కాదు. అది నువ్వు తియ్యాల. సముద్రం లేకపోయినా ఫర్వాలేదు, నేను అందంగా లేకపోయినా ఫర్వాలేదు. మా అమ్మ ఉండాల."

"మీ అమ్మ ఒప్పుకున్నారా?"

"ఊఁ అనింది."

"ఎట్లా ఊఁ అన్నారు?"

లోహిత ఫోనులోని అమ్మ ఫొటో వంక చూసింది. "పేడ ఎత్తుతా ఊఁ అనింది" అంది.

నాకు కోపం తొందరగా వస్తుంది, పంతం ఇంకా తొందరగా వస్తుంది. సంవత్సరాల తరబడి ఏ కెమెరాకీ దొరకని మనిషిని నేను పట్టుకుంటానని ఆ పిల్లకు మాట ఇచ్చేశాను.

మద్రాసు దాకా బస్సులో, అక్కణ్ణించి కొలంబోకి విమానంలో పోయాం. డ్రోనుకు అనుమతి రాలేదు, దాన్ని ఇంట్లోనే వదిలి రావలసివచ్చింది. ప్రభుదాసు దారి పొడుగునా చంటిబిడ్డను పక్కింట్లో వదిలి వచ్చినవాడిలా ఉన్నాడు. రెండో కెమెరా అతని మెడలో వేసి, ఈ పెళ్లికి ఆకాశంతో పని లేదని చెప్పాను. హోటలు సముద్రానికి ఆనుకునే ఉంది. ఇసుకలో నాలుగు వెదురు గుంజలు పాతి, పైన తెల్లగుడ్డ, పూలు. అదే మండపం. చుట్టూ గోడ లేదు, స్తంభం లేదు. అది చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇక్కడ వసంతమ్మ దాక్కోవడానికి ఏముంది?

చాలా ఉంది. పెళ్లికి ముందురోజు నలుగు పెడుతున్నప్పుడు ఆమె కొబ్బరిచెట్టు వెనక ఉంది. కెమెరా అటు తిప్పితే పసుపు గిన్నె తెచ్చే పని పెట్టుకుని లోపలికి పోయింది. నేను దూరం నుంచి జూమ్ చేస్తే పక్కనున్న లావుపాటి మేనత్త వెనక్కి జరిగింది. ప్రభుదాసును ఇంకో వైపు నుంచి పంపించాను. ఇద్దరి మధ్యా దొరకాలి కదా? దొరకలేదు. మధ్యాహ్నానికి నా దగ్గర ఉన్నదల్లా ఒక చెవి, ఒక మోచెయ్యి, నేల మీద ఒక నీడ.

"నీడ బాగా వచ్చిందే" అన్నాడు ప్రభుదాసు. నేను చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు.

సాయంత్రం ఎండ తగ్గాక మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టిన కెమెరాతో లోహితనూ స్నేహితురాళ్లనూ తీస్తున్నాను. నా భుజం పక్కన ఎవరో వచ్చి నిలబడినట్టు అనిపించి తిరిగి చూశాను. వసంతమ్మ.

"ఈడ నిలబడితే పడను గదా పాపా?" అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోకంలో కెమెరాకు కనిపించని చోటు ఒక్కటే, దాని వెనక. ఆమె దాన్నీ కనిపెట్టేసింది. అక్కణ్ణించి కూతుర్ని చూస్తోంది. కళ్లార్పకుండా, ఆకలిగొన్న మనిషిలా చూస్తోంది. స్తంభాల వెనక నుంచి సరిగ్గా కనిపించేది కాదు కాబోలు.

"మీ అమ్మాయి మిమ్మల్ని తీయమనే నన్ను ఇంత దూరం పిలుచుకొచ్చింది అక్కా."

"తెలుసు."

"మరి రేపు?"

ఆమె కూతురి మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది. భర్త పోయిన కొత్తల్లో అక్క కూతురి పెళ్లిలో అందరితో పాటు అక్షింతలు పట్టుకుని ముందుకు పోయిందట. వెనక నుంచి ఎవరో కొంగు పట్టి లాగారు. అప్పటికే అక్షింతలు ఆ పెళ్లికూతురి మీద పడిపోయాయి. ఆ పిల్లకు మొదటి కాన్పు నిలవలేదు. ఎవరూ ఎదురుగా ఏమీ అనలేదు, అక్క మాత్రం ఒక సంవత్సరం ఇంటికి రాలేదు.

"ఊరికి బయపడి కాదు పాపా. ఊరేమంటే నాకేం? పాలు పిండుకోని, పోసుకోని, పిల్లను సదివించుకున్నా. నాకు బయమంతా నా చెయ్యి మీదే. అది నా బిడ్డ మీద పడి, రేపు ఆ పిల్లోనికి ఏమన్నా అయితే? నేను బతకాలా?"

నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు. "లోహితకు నీళ్లు పోసింది ఎవురు అక్కా? జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది ఎవురు? ఇన్నేండ్లూ మీ చెయ్యి పడకుండానే అంత పొడుగు పెరిగిందా?"

"నువ్వు సెప్పేది బాగుండాది" అంది వసంతమ్మ. "నాకూ అట్లనే అనిపిస్తాది. బయం వినదు గదా."

ఇద్దరం అలాగే కెమెరా వెనక నిలబడి, నీళ్లలో కాళ్లు తడుపుకుంటూ నవ్వుతున్న లోహితను చూశాం.

భోజనాలకు పోతుంటే మునిరామయ్య నన్ను ఆపాడు. లోహిత పెదనాయన ఈయనే. చిత్తూరులో బెల్లం మండీ ఉంది. ఆయన చెడ్డవాడని చెబితే నా పని సులువవుతుంది, కానీ కాదు. తమ్ముడు పోయాక వారం వారం పలమనేరు బస్సెక్కి పోయి, మగదిక్కు లేని ఆ ఇంటికి బియ్యం, పప్పు దించి, పశువుల డాక్టరును మాట్లాడి, పిల్ల చదువు కనుక్కుని వచ్చినవాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి వచ్చేవాడే గాని లోపలికి అడుగుపెట్టలేదట. అంత మర్యాద. ఆ మర్యాదే ఇప్పుడు అడ్డం వచ్చింది.

"సూడమ్మా, పిల్ల ఏదో అంటాంది. సిన్నపిల్ల. మేమిద్దరమూ కూసోని ధార పోస్తాం. అది పద్ధతి. వసంత ఏ పక్కన్నా వస్తే నువ్వు కెమెరా కొంచెం ఇట్ల తిప్పుకో. మన ఊర్లో రిసెప్షను ఉండాది, పెద్ద తెర పెట్టిస్తాండా. మా వాళ్లంతా సూస్తారు. ఆ యమ్మను నలుగురూ ఒక మాట అంటే వినేది ఎవురు? నేనే."

"నన్ను పిలిచింది లోహిత సార్. లోహిత చెప్పినట్టు తీస్తాను."

"నీకు మా పద్ధతులు తెల్దులేమ్మా" అన్నాడాయన, మెత్తగానే.

నా నుదుటి మీది స్టిక్కరు అప్పటికి ఊడిపోయి ఉంది. నాకు తెలియదా మీ పద్ధతులు, అనుకున్నాను. పైకి మాత్రం, "రేపు వెలుతురు ఎటు నుంచి వస్తుందో చూసుకోవాలి సార్" అని వచ్చేశాను.

ఉదయం ముహూర్తం. తిరుపతి నుంచి మాతో వచ్చిన పురోహితుడు బాలసుబ్రమణ్యం, గాలికి హోమం ఎక్కడ ఆరిపోతుందోనని ఇటుకలకు అడ్డంగా తన తువ్వాలు పట్టుకుని కూర్చున్నాడు. లోహిత ఎర్రచీరలో, రవిచంద్ర పట్టుపంచెలో పీటల మీద ఉన్నారు. ఎదురుగా ఇంకో పీట ఖాళీగా ఉంది. నా పెద్ద కెమెరా సరిగ్గా మండపానికి ఎదురుగా, స్టాండు మీద నిలబెట్టి ఉంది. ప్రభుదాసు పక్కనుంచి రెండో కెమెరాతో ఉన్నాడు. ఉన్న కొద్దిమంది చుట్టాలూ రెండు వరసల కుర్చీల్లో కూర్చున్నారు. వసంతమ్మ నా పక్కన, కెమెరా వెనక ఉంది. కొత్త చీర కట్టుకుంది. రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది.

"కన్యాదాత రావల్ల" అన్నాడు పురోహితుడు.

మునిరామయ్య కుర్చీలోంచి లేచాడు. ఉత్తరీయం సర్దుకుని రెండడుగులు వేశాడు.

లోహిత రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. చిన్నపిల్లలు మందు తాగమంటే గిన్నె వంక చూడకుండా చేతులు దాచుకుంటారు చూడండి, అలా. "అమ్మ రావాల" అంది. గట్టిగా అరవలేదు, ఏడవలేదు. "అమ్మ వచ్చేదాకా నేను సెయ్యి ఇయ్యను పెదనాయనా."

చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రవిచంద్ర తల వంచుకుని కూర్చున్నాడు, పెళ్లికూతురి చెప్పుచేతల్లో ఉండడం అప్పుడే మొదలుపెట్టినట్టుంది. బాలసుబ్రమణ్యం ఒక చేత్తో తువ్వాలు పట్టుకుని రెండో చేతి గడియారం చూసుకున్నాడు. "ఎవురో ఒకరు రాండి. ఇచ్చే చెయ్యి ఎవురిదైనా నాకు మంత్రం ఒకటే. ముహూర్తం మాత్రం నిలబడదు."

నా పక్కన వసంతమ్మ వణుకుతోంది. కెమెరా కాలు ఆమె చీరకు తగిలి కెమెరా కూడా సన్నగా అదురుతోంది. ఆమెను బతిమాలవచ్చు, ముందురోజు బతిమాలాను, భయం వినదు. కెమెరాను గిర్రున ఆమె వైపు తిప్పేద్దామా అనుకున్నాను. తిప్పితే దొరికేది పారిపోతున్న వీపు. అది నాకొద్దు. లోహితకూ వద్దు.

అప్పుడు నా నోటికి ఏది వచ్చిందో అది అన్నాను. "జరగక్కా. నాకు అడ్డంగా ఉండారు."

ఆమె ఉలిక్కిపడింది. ఇన్నేళ్లూ ఎవరికీ అడ్డం రాకుండా బతికిన మనిషి. వెంటనే వెనక్కి జరిగింది.

"వెనక వైర్లు. తొక్కితే రికార్డింగు ఆగిపోతాది."

పక్కకు జరిగింది.

"అటు కుర్చీల్లో ఉన్నవాళ్లకు మీరు అడ్డం."

"మల్ల యాడ నిలబడేది?" ఆమె గొంతులో మొదటిసారి కోపం వినిపించింది.

గడ్డంతో పీట వైపు చూపించాను. "ఖాళీ ఉండేది ఆడొక్కటే."

ఆమె నన్ను చూసిన చూపు నేను మర్చిపోను. ఎంత మోసం చేశావే అన్నట్టు చూసింది. తర్వాత అటు చూసింది. చేతులు వెనక పెట్టుకుని కూర్చున్న కూతుర్ని చూసింది. కొంగులోంచి చేతులు బయటికి తీసింది.

నడిచింది. ఇసుకలో కాలు దిగబడుతుంటే తడబడుతూ, నా కెమెరాకు ఎదురుగానే, దాని నడిమధ్యలోకి నడిచింది. మునిరామయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. "వసంతా" అని ఏదో అనబోయాడు. ఆయన భార్య దేవసేనమ్మ, ఈ మూడు రోజుల్లో ఆమె నోట ఒక్క మాట నేను వినలేదు, కూర్చున్న చోటి నుంచే ఆయన ఉత్తరీయం కొస పట్టుకుని కిందికి లాగింది. "మీరు కూసోండి" అంది. ఆయన కూర్చున్నాడో, పడ్డాడో. ఆమె లేచిపోయి, పురోహితుడి పక్కనున్న చెంబు తీసుకుని, నీళ్లు పోయడానికి తోడికోడలి పక్కన నిలబడింది.

లోహిత చెయ్యి ముందుకొచ్చింది. వసంతమ్మ దాన్ని పట్టుకుంది. పాలు పిండి పిండి కణుపులు తేలిన చెయ్యి అది, గోరింటాకు చేతి కింద ఇంకా నల్లగా కనిపించింది. ఆ చేతిని తీసుకుపోయి రవిచంద్ర చేతిలో పెట్టింది. దేవసేనమ్మ ధార పోసింది. మంత్రాలు సగం గాలికి కొట్టుకుపోయాయి. వసంతమ్మ రెండు కళ్లూ గట్టిగా మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. నాకు ఏడుపు వచ్చేసింది. కెమెరా తెర మసకబారితే మోచేత్తో కళ్లు తుడుచుకున్నాను గాని చెయ్యి మాత్రం కదలనివ్వలేదు. పక్కన ప్రభుదాసు ముక్కు చీదుకోవడం నా మైకులో ఇప్పటికీ ఉంది.

ధార అయిపోగానే ఆమె లేచి పోయింది. జీలకర్రా బెల్లానికీ తాళికీ కుర్చీల చివర నిలబడింది. తిరిగి మద్రాసు వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు. మోసం చేసిన మాట నిజమే.

చిత్తూరు వచ్చాక ఎడిటింగులో కూర్చున్నాను. రిసెప్షను దగ్గరపడుతోంది. మునిరామయ్య ఫోను చేశాడు.

"దండలు ఉండనీ, తాళి ఉండనీ, సముద్రం ఎంతైనా ఎయ్యి. ఆ ధార ముక్క మాత్రం తెర మీద పడకూడదమ్మా."

"లోహిత చెప్పకుండా తీసేయను సార్."

"లోహిత ఎందుకు? వాళ్లమ్మ చేతే సెప్పిస్తా."

అన్నంత పనీ చేశాడు. మర్నాడే వసంతమ్మ స్టూడియో మెట్లెక్కి వచ్చింది. పలమనేరులో బస్సెక్కి, ఒక్కతే వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"అది తీసేయి పాపా. జరిగింది జరిగిపోయింది. దాన్ని మల్లా నలుగురికీ సూపించి ఎందుకు? మా బావ సెప్పేది నిజమే. పెండ్లయిన కొత్త. దిష్టి తగులుతాది."

నాకు నెత్తి నుంచి పొగలొచ్చాయి. ఈ మనిషి కోసమా నేను అంత దూరం పోయి, నోటికొచ్చిన అబద్ధాలాడి, చెయ్యి వణక్కుండా పట్టుకున్నది? కేకలు వేయబోయి, ఆమె చేతులు చూశాను. మళ్లీ కొంగులోకి పోయి ఉన్నాయి.

"మీరు చెప్తే తీసేస్తాను అక్కా. మీ బొమ్మ, మీ ఇష్టం. అయితే ఎక్కణ్ణించి ఎక్కడిదాకా తీసేయాలో మీరే చూపించి పోండి."

ఈసారి నేను మోసం చేయలేదు. నిజంగానే తీసేద్దామనుకున్నాను.

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. ధార దగ్గర వేసి పెట్టాను. తెర మీద వసంతమ్మ ఇసుకలో నడిచి వచ్చింది, పీట మీద కూర్చుంది, కూతురి చెయ్యి పట్టుకుంది. కళ్లు మూసుకుంది. తనను తాను చూసుకోవడానికి సిగ్గుపడుతుందనుకున్నాను. ఆమె తనను చూసుకోవడమే లేదు.

"ఈ పిల్ల నన్నే సూస్తాండాదా?" అంది.

"అంతసేపూ మిమ్మల్నే చూసింది."

"నేను కండ్లు మూసుకోనుంటి. ఏమీ కాకూడదు, ఏమీ కాకూడదు అనుకుంటా ఉంటి." తెరకు ఇంకా దగ్గరికి వంగింది. "మల్లా ఎయ్యి."

మళ్లీ వేశాను. లోహిత తల ఎత్తి తల్లి మొహంలోకి చూస్తోంది. పెదవులు కదిలాయి. పురోహితుడు చెప్పిన మంత్రం తిరిగి చెబుతోందని నేను అనుకున్న చోటు అది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, అలలూ గాలీ తప్ప మాట వినపడదు.

"ఇంగొకసారి ఎయ్యి పాపా."

వేశాను. వసంతమ్మ చెయ్యి కొంగులోంచి వచ్చి తెర మీద కూతురి మొహం దగ్గర ఆగింది.

"కండ్లు తెరువుమా అంటాంది" అంది.

నేను ఆపి, వెనక్కి పోయి, మెల్లగా నడిపించి చూశాను. అవును. కండ్లు తెరువుమా. ఒకసారి కాదు, నీళ్లు పడుతున్నంతసేపూ ఆ పిల్ల అదే అంటోంది. ఎదురుగా ఉన్న తల్లికి అలల చప్పుడులో వినపడలేదు. కళ్లు మూసుకున్నందువల్ల కనపడనూ లేదు. ఇన్నేళ్లూ స్తంభాల వెనక నుంచైనా ప్రతి పెళ్లీ చూసిన మనిషి, తన బిడ్డ పెళ్లిలో ఆ ఒక్క ఘడియా చూడలేదు.

వసంతమ్మ ఏడ్చింది. దాచుకోకుండా, నా ముందే, ప్రభుదాసు టీ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడిపోయినా పట్టించుకోకుండా ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

"మా బావకు ఫోను కలుపు" అంది.

కలిపి స్పీకరులో పెట్టాను. అవతల బెల్లం మండీలో దిమ్మెలు దించుతున్న కేకలు వినిపించాయి.

"బావా, నేను వసంతను. స్టూడియోలో ఉండా. ఆ ముక్క తియ్యడంలా."

"ఏమ్మా, ఆ యమ్మి నీకు ఏమన్నా సెప్పిందా?"

"ఎవురూ సెప్పలా. నా మాటే ఇది. నా బిడ్డను నేనిచ్చినాను. సూసేవాళ్లు సూడనీ."

"నలుగురూ నాలుగు మాటలంటారు వసంతా."

"నేను ఉంటా గదా, నన్నే అననీ. మీరు మాకు సేసింది నేను సచ్చేదాకా మరవను బావా. అది వేరే. ఇది సూడలేననుకుంటే మాత్రం ఆ పొద్దు మీరు రావాకండి."

ప్రభుదాసు చేతిలో టీ గ్లాసులు తగులుకుని చప్పుడైతే నేను కళ్లతోనే కసిరాను. అవతల మండీ కేకలు కూడా దూరమయ్యాయి, ఆయన ఫోను పట్టుకుని పక్కకు వచ్చినట్టున్నాడు.

"నా తమ్ముని బిడ్డ రిసెప్షనుకు నేను రాకుండా ఎట్ల వసంతా?" అన్నాడు చివరికి. గొంతు బాగా తగ్గిపోయింది.

"అయితే రాండి" అంది వసంతమ్మ. "దేవసేనక్కను కూడా పిలుసుకోని రాండి. ముందు వరసలో కూసోండి."

ఆయన ఇంకేదో అంటున్నాడు. ఆమె ఫోను పెట్టేసి నా చేతికిచ్చి, ప్రభుదాసు దగ్గర టీ తీసుకుని నిలబడే తాగింది. సాయంత్రం పాలు పిండే వేళకు ఇంట్లో ఉండాలి, బస్సు తప్పిపోతుందని చెప్పి మెట్లు దిగి పోయింది.